ఉల్లి వేరుకొనలో కణవిభజన దశలను చూడటం

దేవరకద్ర మార్కెట్లో దొరికే మామూలు ఉల్లిగడ్డే దీనికి చాలు. ఎండిన పాత వేర్లను గీకేసి, అడుగు మాత్రమే నీటికి తగిలేలా గ్లాసు మీద నిలిపితే కొద్ది రోజుల్లో తెల్లని లేత వేర్లు దిగుతాయి. ఉదయంపూట వాటి కొనలను కత్తిరించి, 1 వంతు ఎసిటిక్ ఆమ్లం, 3 వంతులు ఆల్కహాల్ కలిపిన ద్రవంలో 24 గంటలు ఉంచాలి.

తరువాత ఒక కొనను గాజు స్లైడుపై పెట్టి, సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం, క్రోమోసోములకు రంగు పట్టించే ఎసిటోకార్మిన్ చుక్కలతో స్లైడును కొద్దిగా వేడిచేసి, ముదురు రంగు పట్టిన 2 మిల్లీమీటర్ల కొనను మాత్రమే ఉంచి, పలుచని గాజు కవర్‌స్లిప్ కప్పి బొటనవేలితో నిటారుగా నొక్కాలి; అది పక్కకు జరిగితే కణాలు నలిగిపోతాయి.

సూక్ష్మదర్శినిలో ఎక్కువ కణాలు విభజన చెందకుండానే కనిపించడం సహజం కాబట్టి స్లైడును ఓపికగా జరుపుతూ వెతకాలి. కణం నడుమ 16 క్రోమోసోములు వరుసకడితే మధ్యస్థ దశ, కణం రెండు ధ్రువాల (ఎదురెదురు చివరల) వైపు విడిపోతుంటే చలనదశ; అంత్యదశలో రెండు కొత్త కణాలను వేరుచేసే కణఫలకం సన్నని గీతలా ఏర్పడుతుంది.