విక్టోరియాకు వలస వచ్చిన బ్రిటిష్ కుటుంబం మూలాలు: సర్టిఫికెట్లకు దరఖాస్తు ఎలా చేయాలి?

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్ర రాజధాని మెల్‌బోర్న్‌లో అక్కడి కుటుంబాలతో వియ్యమందిన తెలుగువాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఈ పని పడుతుంది. అల్లుడి పూర్వీకులు ఇంగ్లండ్ నుంచి వచ్చారంటారు. ఏ ఊరు, ఏ ఏడాది అంటే ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. చాలామంది నేరుగా ఇంగ్లండ్ రికార్డుల్లో పేరు వెతకడం మొదలుపెడతారు. దయచేసి అలా చేయకండి. జాన్ స్మిత్‌లు అక్కడ లెక్కలేనంతమంది, అందులో మీవాడెవరో తేలదు. ముందు వలస వచ్చిన ఆ పూర్వీకుడు కన్నుమూసిన చోట డెత్ సర్టిఫికెట్ తీయించండి.

విక్టోరియాలో 1853 జులై 1 నుంచి జనన, మరణ, వివాహాలను ప్రభుత్వమే నమోదు చేస్తోంది. ఆ కాలపు ఇంగ్లండ్ డెత్ సర్టిఫికెట్‌లో తల్లిదండ్రుల వివరాలు మామూలుగా ఉండవు. విక్టోరియా కాగితంలో అయితే తల్లిదండ్రుల పేర్లు, తల్లి పుట్టింటి పేరు, తండ్రి వృత్తి, పోయినాయన పుట్టిన చోటు, ఏ బ్రిటిష్ వలసరాజ్యంలో ఎన్నేళ్లు ఉన్నాడు, ఏ వయసులో ఎవరిని పెళ్లాడాడు, పిల్లల పేర్లు, ఎక్కడ సమాధి చేశారు అన్న గడులన్నీ ఉంటాయి. 1884లో పోయినాయన పేరు పక్కన ‘విక్టోరియాలో 31 ఏళ్లు’ అని ఉంటే, బంగారం కోసం జనం ఎగబడి వచ్చిన రోజుల్లో, 1853 ప్రాంతంలో దిగాడన్నమాట.

ఈ వివరాలు ఎవరు చెప్పారన్న గడిని తప్పకుండా చూడండి. భార్యో పెద్దకొడుకో చెబితే చాలావరకు నమ్మొచ్చు. బయటివాళ్లు చెబితే తల్లి పేరు దగ్గర ‘తెలియదు’ అని ఉండటం మామూలే. అప్పుడు ఆయన అన్నదమ్ములదో అక్కచెల్లెళ్లదో తీయించండి. తల్లి పేరు అక్కడ దొరకొచ్చు.

దరఖాస్తు ‘బర్త్స్, డెత్స్ అండ్ మ్యారేజెస్ విక్టోరియా’ వెబ్‌సైట్‌లోనే. ఇండెక్స్‌లో, అంటే రికార్డుల్లోని పేర్ల జాబితాలో, వెతకడం ఉచితం. పుట్టి 100 ఏళ్లు, పెళ్లయి 60 ఏళ్లు, పోయి 30 ఏళ్లు దాటిన రికార్డులను ఎవరైనా కొనుక్కోవచ్చు. అంతకంటే కొత్తవైతే మీ గుర్తింపు కార్డు, ఆ వ్యక్తితో బంధుత్వం చూపాలి. పేరు మొత్తం కొట్టి వెతికితే ఒక్కోసారి ఏమీ రాదు. అప్పట్లో గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాసుకున్నాడు. ఇంటిపేరు స్పెల్లింగ్ మార్చి మార్చి చూడండి, తల్లిదండ్రుల పేర్లతోనూ వెతకండి. మనిషి దొరికాక రెండు రకాలు కనిపిస్తాయి: ముద్ర ఉన్న సర్టిఫికెట్, ముద్ర లేని పాత రికార్డు ఇమేజ్. వంశవృక్షం కోసమైతే ఇమేజ్ చాలు. చవక, కార్డుతో డబ్బు కట్టి డౌన్‌లోడ్ చేసుకోవచ్చు.

ఓడ వివరాలు ‘పబ్లిక్ రికార్డ్ ఆఫీస్ విక్టోరియా’లో ఉచితం. ప్రభుత్వ సాయంతో వచ్చినవాళ్ల జాబితాలు 1839 నుంచి 1871 వరకు, సొంత ఖర్చుతో వచ్చినవాళ్లవి 1852 నుంచి 1923 వరకు ఉన్నాయి. డెత్ సర్టిఫికెట్‌లో విక్టోరియాకు దక్షిణాన ఉన్న టాస్మేనియా దీవిలో కొన్నేళ్లు ఉన్నట్టు కనిపిస్తే అక్కడి ఖైదీల రికార్డులూ చూడండి. 1853 వరకు బ్రిటన్ అక్కడికి ఖైదీలను పంపింది. ఇంట్లో పెద్దవాళ్లు ఈ మాట దాచి ఉండొచ్చు, కాబట్టి సున్నితంగా చెప్పండి. ఆయనకు భూమి దక్కి ఉంటే ల్యాండ్ సెలెక్షన్ ఫైళ్లూ (ప్రభుత్వ భూమిని ఎంచుకుని తీసుకున్నవాళ్ల కాగితాలు) ఇదే ఆఫీసులో అడగొచ్చు. అది అంతకుముందు ఏ ఆదివాసీ జాతి నేలో కూడా తెలుసుకుని వంశవృక్షంలో రాసుకోవాలని నా అభిప్రాయం. ఆ కుటుంబం కథలో అదీ భాగమే.

ఇప్పుడు ఇంగ్లండ్ వంతు. ఇంగ్లండ్, వేల్స్ జననాలు 1837 జులై నుంచి ‘జనరల్ రిజిస్టర్ ఆఫీస్’లో ఉన్నాయి. అకౌంట్ తెరిస్తే ఇండెక్స్ ఉచితం, అందులో తల్లి పుట్టింటి పేరూ ఉంటుంది. డెత్ సర్టిఫికెట్‌లో దొరికిన పేరుతో అది కలిస్తే మనిషి దాదాపు ఖాయమైనట్టే. ఏడాది, త్రైమాసికం, జిల్లా, వాల్యూమ్, పేజీ నంబర్లతో ఆర్డర్ పెట్టండి. ‘మార్చ్’ అని ఉంటే జనవరి నుంచి మార్చి లోపు నమోదైందని అర్థం. 2024 ఏప్రిల్‌లో పెరిగిన ధరల ప్రకారం సర్టిఫికెట్ 12.50 పౌండ్లు, పీడీఎఫ్ 8, పాత రికార్డుల డిజిటల్ ఇమేజ్ 3. కట్టేముందు సైట్‌లో మళ్లీ చూసుకోండి.

1837కు ముందు పుట్టినవాళ్లకు చర్చి బాప్టిజం రిజిస్టర్లే దిక్కు. అవి ఎక్కువగా కౌంటీ రికార్డ్ ఆఫీసుల్లో ఉంటాయి. స్కాట్లండ్ అయితే ‘స్కాట్లండ్స్ పీపుల్’ సైట్‌కు వెళ్లాలి, అక్కడ ప్రభుత్వ నమోదు 1855లో మొదలైంది.

పూర్వీకుల ఆధారంగా ఇచ్చే బ్రిటన్ యాన్సెస్ట్రీ వీసా కోసం ఇదంతా చేస్తుంటే ఒక్క మాట. దానికి అమ్మమ్మో తాతయ్యో నానమ్మో బ్రిటన్‌లో పుట్టి ఉండాలి. 1853లో దిగిన ముత్తాత తండ్రి లెక్కలోకి రాడు. అర్హత ఉంటే పీడీఎఫ్ చెల్లదు, అసలు సర్టిఫికెట్టే తెప్పించుకోండి.