క్రూజ్‌కి వెళ్లడం ఎలా: ధర్మాబాద్ నుంచి బల్లార్డ్ పియర్ దాకా

క్రూజ్, అంటే ఓడలో షికారు, అనగానే తెలంగాణ సరిహద్దున మహారాష్ట్రలో ఉన్న మా ధర్మాబాద్‌లో అందరూ అడిగేది రెండే: ఎంతవుతుంది, కడుపులో తిప్పుతుందా. ఓడెక్కే రోజు గురించి ఒక్కరూ అడగరు. ఇంటివాళ్లనీ, వియ్యాలవారినీ, మిర్చి మార్కెట్ దోస్తులనీ వెంటేసుకుని ఇప్పటికి ఆరుసార్లు ముంబై నుంచి వెళ్లొచ్చాను. ట్రిప్పు చెడినప్పుడల్లా చెడింది సముద్రం మీద కాదు, రేవు గేటు దగ్గరే.

నెల, గది, డబ్బు

నవంబర్–ఫిబ్రవరి మధ్య వెళ్లండి. వానాకాలంలో అరేబియా సముద్రం జోలికి పోవద్దు. మొదటిసారికి గోవా వైపు రెండు మూడు రాత్రుల ట్రిప్పు చాలు.

గది కింది అంతస్తులో, ఓడ నడిమధ్యలో తీసుకోండి. పిల్లలు ఎక్కే తూగుడుబల్ల చూశారుగా, కొసలు లేచి పడుతుంటాయి, నడుమ కదలదు. ఓడా అంతే. కడుపులో తిప్పే అలవాటుంటే డాక్టరును అడిగి మాత్ర ముందే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా పనిచేయదు. బాల్కనీ గది శుద్ధ దండగ. పైన డెక్ మీద అదే సముద్రం ఫ్రీగా కనిపిస్తుంది.

ప్రకటనలో కనిపించే ధర మీద జీఎస్టీ, పోర్టు ఛార్జీలు, సిబ్బంది టిప్పులు వేరే పడొచ్చు. ‘అన్నీ కలిపి ఎంత’ అని అడిగాకే కట్టండి.

ఓడెక్కే రోజు

ఇది ఆగి చదవండి.

అసలు తప్పు బుకింగ్ ఫారం నింపేటప్పుడే మొదలవుతుంది. గుర్తింపు కార్డులో పేరు ఎలా ఉందో, అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయాలి. మన సరిహద్దు ఇళ్లలో ఇదో పెద్ద చిక్కు. తెలంగాణ చుట్టాలకు ఇంటిపేరు ముందుంటుంది. మనకు మరాఠీ పద్ధతిలో పేరు, తండ్రి పేరు, చివర ఆడ్నావ్, అంటే ఇంటిపేరు. పెళ్లయిన ఆడవాళ్లకు తండ్రి పేరు చోట భర్త పేరు. పైగా చాలా ఇళ్లలో ఇంటిపేరుకు ‘వార్’ అని తోక. ఒకసారి మా అందరి టికెట్లూ నిజామాబాద్‌లో ఉండే తోడల్లుడు బుక్ చేశాడు. మా ఆవిడకు పుట్టింటి ఇంటిపేరు రాశాడు. ఆధార్‌లో చూస్తే ఆవిడ పేరు పక్కన నా పేరు, దాని వెనక తోకతో సహా ఇంటిపేరు. కౌంటర్ దగ్గర నలభై నిమిషాలు నిలబెట్టారు. పెళ్లి ఫోటో చూపించమంటారా అని ఆవిడ అడిగేదాకా వచ్చింది. అప్పటినుంచి అందరి కార్డుల ఫోటోలు తెప్పించుకుని నేనే నింపుతున్నాను. మన దేశంలోనే తిరిగే ట్రిప్పుకు ఆధార్ లాంటి కార్డు చాలు. శ్రీలంక లాంటి చోటికైతే పాస్‌పోర్టు కావాలి, దానికి కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి.

రెండోది రైలు. సాయంత్రం పూట దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారి ముంబైలో దిగుతాం కదా, ఓడ మధ్యాహ్నమే కదా అని లెక్కలు వేస్తారు. వేయకండి. రైలు నాలుగు గంటలు లేటైతే మనం తిట్టుకుంటూ ఎదురుచూస్తాం. ఓడ మన కోసం చూడదు. బయలుదేరే టైముకు చాలా ముందే చెకిన్ మూసేస్తారు. టికెట్ మీద చూసుకోవాల్సింది ఆ టైమునే. ఒకరోజు ముందే వెళ్లి లాడ్జిలో పడుకోండి. లాడ్జి ఖర్చు కూడా ట్రిప్పు ఖర్చే అనుకోవాలి. విమానంలో వస్తే ఈ తిప్పలుండవని మా వియ్యంకుడు వాదిస్తాడు. నాందేడ్ పోయి విమానం పట్టుకునే బదులు ఇంటి ముందున్న స్టేషన్‌లో ఎక్కడమే నాకు సుఖం.

టాక్సీ వాడికి బల్లార్డ్ పియర్, క్రూజ్ టెర్మినల్ అని స్పష్టంగా చెప్పండి. ఉత్త ‘ఓడ’ అంటే గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గర దింపుతాడు. అక్కడ దొరికేవి ఎలిఫెంటా పోయే లాంచీలు. మనం రైలు దిగే సీఎస్‌ఎంటీ స్టేషన్ నుంచి బల్లార్డ్ పియర్ దగ్గరే. మా మేనత్త మాత్రం ఊళ్లో అందరికీ సముద్రమే లేని బల్లార్షా రైల్వే జంక్షన్‌లో ఓడ ఎక్కుతున్నామని చెప్పి వచ్చింది.

ఇక సంచులు. పెద్ద పెట్టెకు గది నంబరు ట్యాగు కట్టి టెర్మినల్‌లోనే తీసుకుంటారు. అది గదికి చేరేసరికి సాయంత్రం కావచ్చు. కాబట్టి కార్డులు, బీపీ–షుగర్ మాత్రలు, ఒక జత బట్టలు, పసిపిల్లలుంటే పాలపొడి చేతి సంచిలో ఉండాల్సిందే.

ఆ పెట్టెలో ఏముందో మిషన్‌లో చూస్తారు. ఇస్త్రీ పెట్టె, నీళ్లు కాచే కెటిల్ ఉంటే ఆపేస్తారు. ఓడలో నిప్పును మించిన భయం లేదు. కర్పూరం, అగరబత్తులు, దీపం వత్తులు కూడా అందుకే కుదరవు. మొదటిసారి మా అత్తమ్మ పెట్టె తెరిస్తే చీరల మధ్య స్టీలు డబ్బాలో ఆవకాయ, దాని మీద పాలిథిన్ కవరు, కవరు మీద రబ్బరు బ్యాండు, ఆ పైన టవలు చుట్టి ఉంది. ఇంటి తిండి లోపలికి రానివ్వం అన్నారు. ఆవిడ అక్కడే కుర్చీలో కూర్చుని సగం డబ్బా మా అందరికీ చపాతీల్లో పెట్టి పంచేసింది. సెక్యూరిటీ అమ్మాయికీ ఒకటి ఇచ్చింది. ఆ అమ్మాయి తినింది గానీ మిగతా సగాన్ని మాత్రం లోపలికి వదల్లేదు.

లోపలికి వెళ్లాక

ముందు భద్రతా డ్రిల్లుకు వెళ్లండి. బఫే ఎక్కడికీ పోదు. 2012 జనవరిలో ఇటలీ దగ్గర కోస్టా కాంకార్డియా అనే క్రూజ్ ఓడ రాళ్లకు కొట్టుకుని ఒరిగిపోయి 32 మంది చనిపోయారు. ఆ రోజే ఎక్కిన చాలామందికి అప్పటికి డ్రిల్లు జరగలేదు. ఇప్పుడు ఓడ కదలకముందో, కదిలిన వెంటనేనో జరిపి తీరాలి. ప్రమాద సంకేతంగా ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినిపిస్తే ఎటు నడవాలో పిల్లలకు కూడా చూపించండి.

తీరం కనుమరుగయ్యేలోపు ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. లేకపోతే ఓడలోని శాటిలైట్ నెట్‌వర్క్ పట్టుకుని బిల్లు గుండె గుభేలుమనిపిస్తుంది. మా బావమరిది రెండు నిమిషాలు మిర్చి రేటు మాట్లాడాడు. ఆ నెల బిల్లును ఇప్పటికీ ఎవరికీ చూపించడు.

దిగే ముందు రాత్రి

పెద్ద పెట్టెలు గది బయట పెట్టమంటారు, రాత్రికి రాత్రే తీసుకెళ్తారు. పొద్దున వేసుకునే బట్టలు, చెప్పులు పక్కన పెట్టుకున్నాకే తాళం వేయండి. మా పెద్ద వదిన అన్నీ సర్దేసి, తెల్లారి నైటీ మీద శాలువా కప్పుకుని, ఓడవాళ్లు ఇచ్చిన తెల్ల స్లిప్పర్లతో ముంబైలో దిగింది. తిరుగు టికెట్ దిగిన రోజు రాత్రి దేవగిరికే చేసుకోండి. పగలంతా ఉంటుంది కాబట్టి పెట్టెలు సీఎస్‌ఎంటీ క్లోక్‌రూంలో పడేయొచ్చు, తాళాలు వేసి ఉంటేనే తీసుకుంటారు.