మేత కరువు తర్వాత చేప పిల్లల్ని కోలుకునేలా చేయడం ఎలా

మేత లేక చిక్కిపోయిన చేప పిల్లలకు మళ్లీ సరిపడా తిండి దొరికితే, ఆకలి ఎరగని పిల్లలకంటే కొంతకాలం వేగంగా పెరుగుతాయి. దీన్నే పరిహార పెరుగుదల అంటారు. ఆ వేగం మొదటి రోజే రాదు. వస్తుందనుకుని మేత గుమ్మరిస్తే పిల్లలు కోలుకునేలోపే నీళ్లు పాడవుతాయి.

ఆకలితో ఉన్న చేప ముందు కాలేయంలో నిల్వ ఉండే చక్కెర రూపమైన గ్లైకోజెన్‌ను వాడుకుంటుంది. ఆ తర్వాత కొవ్వు, చివరికి కండ కరుగుతాయి. పేగు లోపలి పొర పలచబడి, అరుగుదల ఎంజైములు తగ్గుతాయి. కొవ్వు కరిగేకొద్దీ ఒంట్లో నీటి శాతం పెరుగుతుంది కాబట్టి అసలు నష్టం తూకంలో పూర్తిగా కనబడదు. బరువు తగ్గినా పొడవు దాదాపు అలాగే ఉంటుంది. అందుకే రెండూ కలిపి కొలవాలి.

పొద్దున మేత వేయకముందు, మూడు నాలుగు చోట్ల వల వేసి కనీసం 30 పిల్లల్ని తీయండి. ఒక్కోదాని బరువు గ్రాముల్లో, మూతి నుంచి తోక చివరి దాకా పొడవు సెంటీమీటర్లలో రాసుకోండి. బరువును 100తో హెచ్చించి, పొడవు ఘనంతో భాగించండి. 9 సెం.మీ. పిల్ల 8 గ్రాములుంటే 1.10 వస్తుంది, అదే పొడవుకు 6 గ్రాములే ఉంటే 0.82. ఒక జాతి అంకెను ఇంకో జాతితో పోల్చకూడదు. అదే జాతిలో, అదే పొడవున్న, బాగా తిన్న పిల్లతోనే పోల్చాలి. తల పెద్దగా, వెన్ను సన్నగా, పొట్ట లోపలికి పోయి కనిపిస్తే కొలవకముందే సంగతి తెలిసిపోతుంది.

ఇదంతా ఫింగర్లింగ్స్‌కు, అంటే వేలెడంత పిల్లలకు వర్తిస్తుంది. గుడ్డు సొన అయిపోయి, తొలి మేత అందక కొంత గడువు దాటిన లార్వాల సంగతి వేరు. వాటి ముందు ఎంత మేత ఉన్నా తినలేవు, తిన్నా అరగదు. అవి తేరుకోవు.

మేత పెంచే తీరు

సగటు 6 గ్రాముల పిల్లలు 1,000 ఉంటే మొత్తం బరువు 6 కిలోలు. మొదటి రెండు రోజులు అందులో 1 శాతం, అంటే రోజుకు 60 గ్రాములు చాలు. 3, 4 రోజుల్లో 120 గ్రాములు, 5 నుంచి 7 దాకా 180 గ్రాములు. తర్వాత చెక్ ట్రే (మేత ఎంత తిన్నాయో చూడటానికి నీటిలో దించే పళ్లెం) ఖాళీ అవుతూ ఉంటే 5 శాతం, అంటే 300 గ్రాముల దాకా వెళ్లవచ్చు. రోజు మేతను నాలుగు పూటలుగా విడగొట్టండి. 20 నిమిషాల తర్వాత ట్రేలో మేత మిగిలితే తర్వాతి పూట తగ్గించండి. గుళిక సైజు వయసును బట్టి కాదు, నోటిని బట్టి ఎంచాలి. కరువులో నోరు కూడా ఎదగదు కాబట్టి ఈ వయసుకు మామూలుగా వేసే గుళిక మింగలేక ఉమ్మేస్తాయి. 30–35 శాతం ప్రొటీన్ ఉన్న మేత కార్ప్, తిలాపియా పిల్లలకు సరిపోతుంది.

అసలు గండం నీటిలో ఉంది. 35 శాతం ప్రొటీన్ మేత ఒక కిలో వేస్తే సుమారు 30 గ్రాముల అమోనియా నీటిలోకి వస్తుంది. ఫిల్టర్‌తో నడిచే ట్యాంకుల్లో ఇంకో చిక్కు: మేత ఆగినన్ని రోజులు అమోనియా దొరకక ఫిల్టర్‌లోని బ్యాక్టీరియా కూడా తగ్గిపోయి ఉంటుంది. చేపల పేగులాగే దానికీ కోలుకునే వ్యవధి కావాలి. అందుకే మేత పెంచిన ప్రతిసారీ మర్నాడు అమోనియా చూడండి. పెరిగితే మేత అక్కడే ఆపి 10–20 శాతం నీరు మార్చండి. పీహెచ్ ఎక్కువగా ఉంటే అదే అమోనియా మరింత విషం. తిన్న తర్వాత కొన్ని గంటలు చేప ఆక్సిజన్ ఎక్కువ వాడుకుంటుంది కాబట్టి చివరి పూట మేత చీకటి పడకముందే అయిపోవాలి. తెల్లవారుజామున ఆక్సిజన్ లీటరుకు 3 మిల్లీగ్రాములకు దిగే చెరువులో ఏరేటర్ లేకుండా మేత పెంచవద్దు.

కరువు దెబ్బ అన్ని పిల్లలకూ ఒకేలా తగలదు. బలమైనవి ముందు మేత పట్టేస్తాయి, చిన్నవి అంచుల్లోనే ఉండిపోతాయి. మేతను ఒకే చోట కాక నీటి మీద విశాలంగా చల్లండి. పది రోజుల తర్వాత సైజుల వారీగా వేరు చేయండి. ఒకదాన్నొకటి తినే క్యాట్‌ఫిష్ లాంటి జాతుల్లో మాత్రం మొదటి రోజే వేరు చేయాలి. చిక్కిన పిల్లలు చేతి ఒత్తిడికి తట్టుకోవు కనుక వల పట్టే పని చల్లటి పూట, మేత లేని పొట్టతో కానివ్వండి.

మొదటి మూడు నాలుగు రోజుల్లో బరువు గబుక్కున పెరిగితే సంబరపడవద్దు. అందులో ఎక్కువ భాగం నిండిన పేగు, తిరిగి నిండుతున్న కాలేయమే. పొడవు కదలడం మొదలైతేనే నిజమైన పెరుగుదల. వారానికోసారి కొలిచి, బరువు, పొడవుల నుంచి వచ్చే అంకె ఆరోగ్యమైన పిల్ల అంకెకు దగ్గరపడిందా చూడండి. దగ్గరపడ్డాక ఆకలి దానంతటదే తగ్గుతుంది, ట్రేలో మేత మిగలడం మొదలవుతుంది. అప్పుడు 3 శాతానికి దిగాలి. చాలామంది అక్కడ కూడా 5 శాతమే కొనసాగించి మేతను బురదపాలు చేస్తారు.

ఒకటి రెండు వారాల కొరతను చాలా జాతులు చాలావరకు పూడ్చుకుంటాయి. కండ బాగా కరిగేదాకా సాగిన కరువుకు బరువు తిరిగి వచ్చినా పొడవులో వెనకబాటు మిగిలిపోవచ్చు. చల్లని నీటిలో ఈ వేగం ఆశించవద్దు. కార్ప్‌లకు 26–30 డిగ్రీల నీరు అనువైనది, 20 కంటే దిగితే ఆకలే మందగిస్తుంది. నాలుగు వారాలు సరిగ్గా మేపినా పొడవు కదలని పిల్లల్ని తీసి వేరే తొట్టిలో వేయండి, మిగిలినవాటి మేత లెక్క తప్పకుండా ఉంటుంది.