పెరట్లో పూల్ పెడుతున్నారా? ముందు కింద ఏం పరవాలో చూసుకోండి

మేం డాలస్ పక్కన ప్లేనోలో ఉంటాం. పిల్లలు పోరు పెడితే పెరట్లో, గొట్టాల చట్రం మీద నిలబడే ఫ్రేమ్ పూల్ ఒకటి పెట్టాం. రౌండుది, 15 అడుగుల వెడల్పు, 48 అంగుళాల ఎత్తు. పూల్‌తో పాటు పల్చటి గ్రౌండ్ క్లాత్ వచ్చింది. దాని కింద నీలం టార్పాలిన్ ఒకటి వేస్తే చాలన్నాడు షాపులో అబ్బాయి. గడ్డి మీదే పరిచి నింపేశాం. పదకొండో రోజున మా చిన్నది "అమ్మా, కాలికి ముల్లు గుచ్చుకుంది" అని నీళ్లలోంచి అరిచింది.

ముల్లు కాదు. సూదిమొనల్లాంటి మొలకలు రెండు టార్పాలిన్‌నీ, క్లాత్‌నీ, పూల్ అడుగునున్న వినైల్‌నీ పొడుచుకుని పైకొచ్చాయి. మా నాన్న ఆ వేసవి మా దగ్గరే ఉన్నారు. నంద్యాల దగ్గర పల్లెలో నల్లరేగడి సేద్యం చేసిన మనిషి. పూల్ ఖాళీ చేశాక ఒక మొలకను కింది గడ్డతో సహా తవ్వి, నలిపి వాసన చూసి, "తుంగ గదమ్మా ఇది! దీనికి నీ ప్లాస్టిక్ ఒక లెక్కా?" అన్నారు. ఇక్కడివాళ్లు నట్‌గ్రాస్ అంటారు. ఆయుర్వేదం కొట్లో తుంగముస్తలని అమ్మేవి దీని గడ్డలే.

అందుకే పూల్ కింద పరిచే ప్యాడ్ కొనే ముందు పూల్ పెట్టబోయే చోట ఓ పావుగంట వంగి చూడండి. గడ్డి కాడను వేళ్ల మధ్య తిప్పితే మూడు అంచులు తగిలాయా, అది తుంగ. ఏ ప్యాడూ దాన్ని ఆపుతుందని నేను పూచీ పడను. గడ్డలతో సహా తవ్విపారేయాలి. లేదా హాలోసల్ఫ్యూరాన్ ఉన్న మందు కొట్టి, రెండు మూడు వారాలు ఆగి చూడాలి. మామూలు గడ్డిమందుకు పైన ఆకు ఎండినా కింద గడ్డ మళ్లీ మొలుస్తుంది. బెర్ముడా అని ఇక్కడ లాన్లకు వేసేది మన గరికే. అదీ వినైల్‌ను పొడుచుకుని రావచ్చు, పైగా పూల్ కింద కుళ్లి కంపు కొడుతుంది. దాన్నీ వేర్లతో సహా గీకేయాల్సిందే. పార పట్టే ముందు 811కి ఫోన్ చేస్తే గ్యాసు, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో వచ్చి గుర్తులు పెట్టి వెళ్తారు. డబ్బు తీసుకోరు.

తర్వాత మట్టం. ప్యాడ్ మెత్తదనం ఇస్తుంది గానీ ఎగుడుదిగుడును సరిచేయదు. చాలామంది మందంగా ఏదో వేస్తే సర్దుకుంటుందనుకుంటారు. మా పూల్ నిండితే దాదాపు 17 వేల లీటర్లు, అంటే 17 టన్నులు. మూడున్నర అడుగుల నీళ్లంటే ఒక్కో చదరపు అడుగు మీద 100 కిలోలు, పాతికకిలోల బియ్యం బస్తాలు నాలుగు. అంత బరువు కింద మెత్తటిదేదైనా నేల ఆకారానికే వచ్చేస్తుంది. ఎత్తుగా ఉన్నచోట చెక్కేయండి. పల్లంలో మట్టి పోసి పైకి తేవద్దు, పోసిన మట్టి బరువుకు దిగిపోతుంది. మట్టం చూడటానికి పొడవాటి చెక్క మీద రసమట్టం పెట్టుకోవచ్చు. మేమైతే మన మేస్త్రీల్లాగా సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు పోసి చూశాం. ఈ కొస నుంచి ఆ కొసకు తేడా అంగుళం లోపు ఉండాలి. ఇక్కడి మట్టి కూడా నల్లరేగడే, ఎండితే నెర్రెలిస్తుంది. చెక్కడానికి ముందు రెండ్రోజులు తడిపి, ఆరనిచ్చి, అప్పుడు పని మొదలుపెట్టండి.

మరి ఏం పరవాలి?

ఇసుక పోయించమన్నారు నాన్న. తుంగ విషయంలో ఆయన మాట విన్నాం కదా, రెండో వేసవి ఇదీ విన్నాం. రెండంగుళాల మందానికి క్యూబిక్ యార్డ్ పైచిలుకు ఇసుక పట్టింది. చేత్తో సర్దుతుంటే బాగానే ఉంది. నింపాక పిల్లలు గెంతినచోటల్లా గుంటలు పడ్డాయి. ఒక పెద్ద వానకు అంచున ఇసుక కొట్టుకుపోయింది. మిగిలిన దాంట్లో ఫైర్ యాంట్స్ పుట్ట పెట్టాయి. టెక్సస్ చీమ కుట్టినవాళ్లకు ఇంకేం చెప్పక్కర్లేదు. నాన్న మాత్రం మేం తెచ్చిన ఇసుకే మంచిది కాదంటారు ఇప్పటికీ.

పాత కార్పెట్, దుప్పట్లు, బొంతలు వద్దు. రోజూ నీళ్లు పారబోసే పసిపిల్లల గాలి టబ్బు కిందైతే సరే, నెలల తరబడి ఉంచే పూల్ కింద కుళ్లిపోతాయి. రబ్బరు మ్యాట్లు ఎవరైనా ఊరికే ఇచ్చినా వినైల్‌కు ఆనించకండి, పసుపు మరకలు పడతాయి, పోవు. ఒకదాంట్లో ఒకటి ఇమిడే ఫోమ్ పలకలు కాంక్రీటు మీద పూల్‌కు బాగుంటాయి. మట్టి మీదైతే వాటి అతుకులు విడిపోతాయి.

నాకు కుదిరింది రెండు పొరలు. కింద గోడల ఇన్సులేషన్‌కు వాడే గులాబీ రంగు ఫోమ్ బోర్డు, పైన జియోటెక్స్‌టైల్ ఫెల్ట్, అంటే నేల మీద పరిచే మందపాటి సింథటిక్ గుడ్డ.

ఫోమ్ బోర్డులు 4 అడుగులకు 8 అడుగులవి దొరుకుతాయి. 15 అడుగుల పూల్‌కు 8 షీట్లు పడతాయి. పక్కపక్కనే పేరిస్తే 16 అడుగుల చదరం వస్తుంది, దాంట్లో వృత్తం గీసి కోసుకోవడమే. మాది అంగుళం మందం. తెల్లటి పూసల థర్మోకోల్ కొనకండి, రాలిపోతుంది. గులాబీదో నీలందో గట్టిగా ఉంటుంది, నీళ్ల బరువు దానికి లెక్కే కాదు. సొట్టలు పడేది నిచ్చెన కాళ్ల కిందే, అక్కడ పూల్ లోపల చిన్న ప్యాడ్ ముక్క వేయండి. అతుకుల మీద డక్ట్ టేపు అంటించండి. గాలి ఉన్న రోజు మాత్రం ఈ పని పెట్టుకోవద్దు. మా షీటు ఒకటి ఫెన్సు దాటి పక్కింటి గులాబీ మొక్కల మీద వాలింది.

ఫెల్ట్ పూల్ సైజుకు ఒకే ముక్కగా దొరుకుతుంది. నేను కొన్నప్పుడు వంద డాలర్లు దాటింది. నా లెక్కలో దండగ కాదు. అది తేమను పట్టి ఉంచదు, టార్పాలిన్ కింద పట్టినట్టు బూజు పట్టనివ్వదు. రాళ్ల మొనలను, ఫోమ్ అతుకులను కప్పేస్తుంది. టేపు జిగురు వినైల్‌కు తగలనివ్వదు. డబ్బు ఒక్కదానికే ఉంటే, నేలను బాగా చదును చేసుకుని ఫెల్ట్ ఒక్కటే వేయండి. ఫోమ్ కాళ్లకు సుఖం, అంతే.

పరిచేటప్పుడు రెండు జాగ్రత్తలు. ఫ్రేమ్ కాళ్లు ఫోమ్ మీద ఉండకూడదు, దిగిపోతాయి. ఒక్కో కాలు కింద సిమెంటు పేవర్ (నేలకు పరిచే పలక) ఒకటి, నేల మట్టానికి పాతిపెట్టండి. ప్యాడ్ అంచు పూల్ బయటికి రాకూడదు, వచ్చిందంటే వాన నీళ్లు కిందికి లాగుతుంది. ఇక స్టీలు గోడల పూల్ అయితే గోడ గట్టి నేల మీదే నిలబడాలి, ప్యాడ్ గోడకు లోపలి వైపే.

హైదరాబాద్‌లో మా తమ్ముడు మేడ మీద పెడతానని ఫోన్ చేశాడు, "ప్యాడ్ మందంగా వేస్తాలే అక్కా" అని. ప్యాడ్‌కూ స్లాబుకూ సంబంధం లేదు. జనం తిరిగే మేడకు లెక్కగట్టేది చదరపు మీటరుకు 150 కిలోలు. మూడడుగుల నీళ్లు 900 కిలోలు. కింద పెట్టుకోమన్నాను. అలిగాడు.

నింపేటప్పుడు అంగుళం నీళ్లు రాగానే పైపు ఆపి, చెప్పుల్లేకుండా లోపల నడిచి ముడతలన్నీ అంచులవైపు నెట్టండి. పాదానికి రాయి తగిలితే ఆ అంగుళం నీళ్లు పారబోసి, ప్యాడ్ ఎత్తి ఆ రాయి తీసేయండి. విప్పేటప్పుడు ఫెల్ట్‌ను ఫెన్సు మీద రెండ్రోజులు ఆరేసి చుట్టండి. ఫోమ్ షీట్లను గరాజులో గోడకు ఆనించి నిలబెడితే వంగిపోతాయి, పడుకోబెట్టండి.