పాత ఫోటోలో గాలుల గోపురం: ముందు కుడి ఎడమలు తేల్చుకోండి, తర్వాత టైం చూడండి

ఏథెన్స్‌లో రోమన్ అగోరా (రోమన్ల కాలం నాటి సంత) పక్కన ఎనిమిది పలకల పాలరాతి కట్టడం ఒకటుంది, దాన్నే గాలుల గోపురం అంటారు. ఎత్తు దాదాపు 12 మీటర్లు, వయసు రెండు వేల ఏళ్ల పైమాటే. ఒక్కో గోడ పైభాగంలో ఒక్కో దిక్కు గాలి బొమ్మ, దాని కింద నీడగడియారం గీతలు, లోపల నీటి గడియారం. అంటే మబ్బు పట్టినా, చీకటి పడినా టైం తెలిసేదన్నమాట.

1842లో జిరో ద ప్రాంజే అనే ఫ్రెంచ్ ఆయన ఏథెన్స్ వెళ్లి దీన్ని డాగెరోటైప్ తీశాడు. డాగెరోటైప్ అంటే వెండి పూత పూసిన రాగి రేకు మీద నేరుగా పడే బొమ్మ, అందుకే లెన్స్ ముందు అద్దమో ప్రిజమో పెట్టకపోతే కుడి ఎడమలు తారుమారవుతాయి. స్కాన్ చేసేవాళ్లు కొందరు దాన్ని సరిచేస్తారు, కొందరు ఉన్నదున్నట్టు వదిలేస్తారు. కాబట్టి ఇలాంటి పాత ఫోటో ఏది దొరికినా ముందు ఈ సంగతి తేల్చుకోండి, లేకపోతే మిగతాదంతా తప్పే.

తేల్చడం కష్టమేం కాదు. ఉత్తరపు గోడకి ఎదురుగా నిలబడ్డారనుకోండి, మీ ముఖం దక్షిణానికి ఉంటుంది, తూర్పు మీ ఎడమ చేతి వైపు. అంటే ఎడమ నుంచి కుడికి ఈశాన్యం, ఉత్తరం, వాయవ్యం రావాలి. ఫోటోని పెద్దది చేసి బొమ్మల చేతుల్లో ఏముందో చూడండి: శంఖం పట్టుకున్నవాడు ఉత్తరపు గాలి బోరియాస్, మీ ఎడమ చేతి వైపు గోడ మీద డాలు నిండా వడగళ్లతో ఈశాన్యపు గాలి కైకియాస్, మీ కుడి చేతి వైపు కుండ వంపుతూ వాయవ్యపు గాలి స్కిరాన్ ఉండాలి. వరస తిరగబడితే ఫోటో తిరగబడినట్టే. అక్కడి నుంచి ఇంకా కుడికి పోతే పడమటి గాలి జెఫిరోస్, ఒళ్లో పూలు వేసుకుని ఉంటాడు.

పేర్లు కూడా గ్రీకు అక్షరాల్లో పైన చెక్కి ఉన్నాయి గానీ జాగ్రత్త. నైరుతి గాలి లిప్స్ పేరులో మూడే అక్షరాలు, మూడూ అద్దంలో చూసినా ఒకేలా కనిపించే రకం. నేనైతే మొదట్లో ఆ గోడ మీదే పట్టుబట్టి కూర్చుని ఓ సాయంత్రమంతా పోగొట్టుకున్నా. బోరియాస్ పేరు చూస్తే మొదటి అక్షరం దగ్గరే తెలిసిపోతుంది.

ఇక టైం. నీడగడియారాల్లో నీడ పడేలా గుచ్చిన అసలు లోహపు కమ్మీలు ఎప్పుడో పోయాయి, గీతలు చూసి గంట చెప్పేద్దాం అని ఆశపడకండి. పైగా ఆ గంటలు మన 60 నిమిషాల గంటలు కావు, పగటిని ఎండాకాలమైనా చలికాలమైనా 12 భాగాలు చేసినవి, వేసవిలో ఒక్కో భాగం పొడుగవుతుంది. మీకు పనికొచ్చేది ఏ గోడ మీద ఎండ ఉందన్న సంగతే. తూర్పు వైపు గోడలు వెలిగితే పొద్దున, పడమటివి వెలిగితే సాయంత్రం (తిరగబడిన ఫోటోలో సాయంత్రం కాస్తా పొద్దునైపోతుంది, అందుకే ఇందాకటి గోల). ఉత్తరపు గోడకి ఏటవాలుగా ఎండ తగులుతోందంటే మాత్రం పండగే: అది మార్చి చివరికీ సెప్టెంబరు చివరికీ మధ్య, పొద్దెక్కకముందో పొద్దు వాలాకో తీసిన ఫోటో.

నేల మట్టం కూడా ఓసారి చూడండి. చుట్టూ ఇళ్లు, పేరుకున్న మట్టి ఉండేవి, 1830ల చివరి నుంచి తవ్వి తీశారు. గోపురం అడుగుభాగం పూడుకుపోయి కనబడే చిత్రాలు అంతకుముందు గీసినవి అయ్యుంటాయి.

వీధిలో మనుషులు లేరని ఊరు ఖాళీ అనుకోకండి. రేకు మీద బొమ్మ పడటానికి చాలాసేపు పట్టేది కాబట్టి నడిచి వెళ్లినవాళ్లు అసలు పడరు, గోడకి ఆనుకుని కదలకుండా కూర్చున్నవాడే పడతాడు. నీడల్లో వెతకండి.