ఫోన్‌లో మీ జవాను గొంతు మారితే ఏం చేయాలి

సైన్యంలో భర్తో కొడుకో తమ్ముడో ఉన్న తెలుగు ఆడవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మాది గిద్దలూరు వైపు. మా ఆయన ఇక్కడ బెంగళూరు అల్సూర్‌లోని మద్రాస్ సాపర్స్ (ఆర్మీ ఇంజినీర్ల దళం) సెంటర్‌లో ట్రైనింగ్ అయ్యి, సుబేదార్‌గా రిటైరయ్యారు. ఆయన ఫీల్డ్‌లో ఉన్న ఏళ్లన్నీ నేను పిల్లలతో బెంగళూరు క్వార్టర్స్‌లోనే గడిపాను. ఇప్పుడు సీవీ రామన్ నగర్‌లో ఉంటున్నాం. అప్పటి పరిచయాల వల్ల ఇప్పటికీ ఎవరో ఒకరు ఫోన్ చేస్తుంటారు. "అక్కా, ఆయన మాట్లాడే తీరు మారిపోయింది, భయంగా ఉంది" అంటారు. వాళ్లకి చెప్పే మాటలే ఇవి.

మీ భయం వట్టి అనుమానమని ఎవరైనా కొట్టిపారేస్తే వినకండి. 2018 నుంచి 2022 వరకు ఐదేళ్లలో సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ లాంటి కేంద్ర బలగాల్లో 654 మంది ప్రాణం తీసుకున్నారని ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. అందులో 230 మంది సీఆర్‌పీఎఫ్ వాళ్లు, 174 మంది బీఎస్‌ఎఫ్ వాళ్లు. ఆర్మీ లెక్క దీనికి వేరు. అమెరికాలో 2021లో బ్రౌన్ యూనివర్సిటీ వాళ్లు వేసిన లెక్క ప్రకారం, 2001 తర్వాతి యుద్ధాల్లో పనిచేసిన సైనికులు, మాజీ సైనికుల్లో 30,177 మంది ఆత్మహత్య చేసుకున్నారు. ఆ యుద్ధాల్లో చనిపోయిన అమెరికా సైనికులు 7,057 మంది. అంత డబ్బు, అన్ని ఆస్పత్రులు ఉన్న దేశంలోనే ఇలా ఉంది.

కారణం ఏంటని అడిగితే ప్రభుత్వం ఇచ్చే జవాబుల్లో ఇంటి గొడవలు, భార్యాభర్తల తగాదాలు, అప్పులు ముందు కనిపిస్తాయి. జవాన్లను అడిగితే సెలవు దొరకలేదని, నిద్ర లేదని, పై అధికారి పదిమందిలో అవమానించాడని చెబుతారు. రెండూ నిజమే. ఒకే మనిషి మీద ఒకే వారంలో రెండూ పడటమే అసలు ప్రమాదం. ఊళ్లో అన్న గట్టు జరుపుకున్నాడని పొద్దున ఫోన్ వస్తుంది. సెలవు అడిగితే యూనిట్‌లో మనుషులు తక్కువున్నారు, వచ్చే నెల చూద్దాం అంటారు. రాత్రి రెండు నుంచి నాలుగు దాకా సెంట్రీ డ్యూటీ, అంటే కాపలా. నిద్ర లేదు, చెప్పుకునే మనిషి లేడు, చేతిలో ఆయుధం ఉంది. ఆ రెండు గంటలు అతను ఏం ఆలోచిస్తాడో ఊహించండి.

పూర్వం ఇన్‌లాండ్ లెటర్ చేరేసరికి ఇంట్లో గొడవ సగం చల్లారేది. ఇప్పుడు గొడవ జరుగుతుండగానే వీడియో కాల్‌లో చూస్తాడు. అన్నీ తెలుస్తాయి, ఏదీ చేయలేడు. చాలామంది జవాన్లను లోపల తినేసేది ఈ చేతకానితనమే అని నేను గట్టిగా నమ్ముతాను. అందుకే నన్ను అడిగినవాళ్లకి ఎప్పుడూ ఒకటే చెబుతాను. అక్కడినుంచి అతను చక్కబెట్టలేని సమస్య ఏదో కనిపెట్టండి, దాన్ని మీ చేతుల్లోకి తీసుకోండి.

ఫోన్‌లో ఎలా మాట్లాడాలి

మాట కలపగానే "ఇప్పుడు డ్యూటీలో ఉన్నారా, ఎక్కబోతున్నారా, దిగారా?" అని అడగండి. డ్యూటీ ఎక్కబోయే మనిషికి చెడ్డ కబురు చెప్పొద్దు. అలాగని అసలు చెప్పకుండా దాచొద్దు. మీరు దాస్తే ఊళ్లో బాబాయి కొడుకు వాట్సాప్‌లో పెడతాడు, అప్పుడు మీ మాట మీద కూడా నమ్మకం పోతుంది. డ్యూటీ దిగి, తిని, కాస్త పడుకుని లేచాక చెప్పండి. చెప్పేటప్పుడు ఆ పని ఎవరు చూస్తున్నారో కూడా కలిపి చెప్పండి. "అత్తయ్యకి షుగర్ పెరిగింది, నిన్న మార్కాపురం తీసుకెళ్లాం, మందు మార్చారు, గురువారం మళ్లీ చూపిస్తాం" అంటే వినేవాడికి ఊపిరి ఆడుతుంది. "మీ అమ్మకి బాలేదు, మీరేమో అక్కడ కూర్చున్నారు" అంటే ఆ రాత్రి అతనికి నిద్ర ఉండదు.

అత్తాకోడళ్ల పంచాయితీ అతని ముందు పెట్టొద్దు. ఈ మాట కోడళ్లకి ఎంత చెబుతానో అత్తలకీ అంతే చెబుతాను. ఒకే సాయంత్రం తల్లి ఒక ఫోన్, భార్య ఒక ఫోన్ చేసి ఒకరి మీద ఒకరు చెబితే, రెండు వేల కిలోమీటర్ల అవతల ఉన్నవాడు ఎవరి వైపు మాట్లాడాలి? ఇద్దరూ కలిసి ఊళ్లో నమ్మకమైన ఒక పెద్దమనిషిని పెట్టుకోండి. పంచాయితీ ఏదైనా ఆయన దగ్గరే తేలాలి.

భూమి, అప్పు

ఈ రెండింటికీ దారులున్నాయి. చాలా ఇళ్లలో తెలియక ఊరికే కూర్చుంటారు.

పొలం తగాదా అయితే జవాను తన యూనిట్‌లో అర్జీ ఇవ్వాలి. కమాండింగ్ ఆఫీసర్ సంతకంతో మన జిల్లా కలెక్టర్‌కి, ఎస్పీకి లెటర్ వస్తుంది. దాని కాపీ తీసుకుని మీరు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి, పని ఎంతవరకు వచ్చిందో వాళ్ల ద్వారా అడిగిస్తూ ఉండండి. లెటర్ వెళ్లిందిగా అని ఊరుకుంటే ఫైలు కదలదు. కోర్టులో కేసు ఉంటే 1925 నాటి ఇండియన్ సోల్జర్స్ లిటిగేషన్ చట్టం గురించి మీ లాయర్‌కి చెప్పండి. యుద్ధం లాంటి ప్రత్యేక పరిస్థితుల్లో పనిచేస్తున్న సైనికుడు కోర్టుకి రాలేడు కాబట్టి, అతను లేకుండా కేసు నడపకుండా ఆపే వీలు అందులో ఉంది. అతను అలాంటి చోట ఉన్నాడని యూనిట్ సర్టిఫికెట్ ఇవ్వాలి.

అప్పు సంగతి అడగడం కష్టం. చెల్లెలి పెళ్లికి తెచ్చింది చెబుతారు గానీ లోన్ యాప్‌లో తీసుకున్నదీ, ఆన్‌లైన్ రమ్మీలో పోయిందీ చెప్పరు. జీతం పడిన రెండో రోజే ఖాతా ఖాళీ అవుతుంటే, కొత్త నంబర్ల నుంచి ఫోన్లు వస్తుంటే అదే అనుకోండి. తిట్టకండి. "మొత్తం ఎంతో కాగితం మీద రాసి పంపండి, ఇద్దరం కలిసి తీరుద్దాం" అనండి. రాసి చూసుకున్నాక చాలాసార్లు అది భయపడినంత పెద్దదిగా ఉండదు. బంగారం తాకట్టు పెట్టాల్సి వస్తే పెట్టండి.

ఏ మాటలకు వెంటనే లేవాలి

కోపం, తాగుడు, నిద్ర పట్టకపోవడం అందరికీ తెలిసిన గుర్తులే. వాటికంటే నన్ను ఎక్కువ భయపెట్టేవి వేరే. "నేను లేకపోయినా మీకు పెన్షన్ వస్తుందిలే" అనడం. అడక్కుండానే ఇన్సూరెన్స్ నామినీ పేరు, బ్యాంకు పాస్‌వర్డులు చెప్పడం. రోజూ మాట్లాడే పిల్లలతో మాట్లాడనని తప్పించుకోవడం. నెలలుగా నలిగిపోతున్నవాడు ఉన్నట్టుండి చాలా ప్రశాంతంగా అయిపోవడం. సెలవు అయ్యి తిరిగి వెళ్లే ముందు రెండు రోజులు, వెళ్లాక మొదటి వారం మరీ జాగ్రత్తగా కనిపెట్టుకుని ఉండాలి.

అనుమానం వస్తే సూటిగా అడగండి. "ఏమండీ, చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని ఆ మాటే వాడండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని మనవాళ్ల భయం. అలా జరగదని మానసిక వైద్యులందరూ చెబుతారు. అడిగినప్పుడు చాలామంది ముందు ఏడుస్తారు, తర్వాత చెబుతారు. చెబుతున్నప్పుడు మధ్యలో "పిల్లల మొహం చూసైనా" అని మొదలుపెట్టకండి. పిల్లలకి తను భారమైపోయాననే అప్పటికే అనుకుంటూ ఉంటాడు. వినండి. చివర్లో "పెన్షన్ నాకొద్దు, మీరు కావాలి" అని మటుకు తప్పకుండా చెప్పండి.

అవునన్నాడా, లైన్ కట్ చేయొద్దు. ఇంకో ఫోన్ నుంచి యూనిట్‌కి చేయించండి. దీనికోసం నంబర్లు ముందే ఉండాలి: కంపెనీ కమాండర్, సీనియర్ జేసీవో (సుబేదార్ లాంటివాళ్లు), యూనిట్ టెలిఫోన్ ఎక్స్చేంజ్, అతని బడ్డీ, అంటే అతనికి జతగా ఉండే తోటి జవాను. ఇవి ఈరోజే అడిగి తీసుకుని గోడ మీద రాసిపెట్టండి, ఫోన్‌లో మాత్రమే ఉంటే చాలదు. యూనిట్ వాళ్లతో తిన్నగా విషయానికి రండి. "సాబ్, మా ఆయన ప్రాణం తీసుకుంటానంటున్నారు. ఈ రాత్రి ఆయుధం ఇవ్వకండి, ఒంటరిగా వదలకండి, డాక్టర్‌కి చూపించండి." హిందీ సరిగ్గా రాకపోయినా పర్వాలేదు, ఈ మూడు ముక్కలు నేర్చుకోండి. అక్కడ ముందుగా పరిగెత్తేది బడ్డీనే.

ఇక్కడ చాలామంది ఆగిపోతారు. యూనిట్‌కి చెబితే ఆరోగ్యం గ్రేడు తగ్గి కేటగరీ పడుతుంది, ప్రమోషన్ పోతుంది అని. మీకు అబద్ధం చెప్పను, పడొచ్చు. ఆర్మీలో షేప్ అని ఐదు రకాలుగా ఆరోగ్యం చూస్తారు, అందులో మొదటి అక్షరం ఎస్ అంటే మనసు. అక్కడ కేటగరీ తగ్గితే కొన్నాళ్లు ఆయుధం డ్యూటీ ఉండదు, ప్రమోషన్ ఆలస్యం కావచ్చు. అయితే అది తాత్కాలికంగా ఇచ్చినప్పుడు కొన్ని నెలలకి మళ్లీ మెడికల్ బోర్డు చూస్తుంది, బాగైతే పైకి ఎక్కిస్తుంది. మా ఆయన కింద పనిచేసిన ఒక శ్రీకాకుళం కుర్రాడు అలా పడి, కోలుకుని, హవల్దార్ అయ్యి, ఇప్పుడు పిల్లల్ని స్కూల్‌కి దింపుతున్నాడు.

సెలవులో బెంగళూరులో ఉన్నప్పుడు ఇలా జరిగితే ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్‌లోని కమాండ్ హాస్పిటల్‌కి తీసుకెళ్లండి. సెలవులో జబ్బు పడిన జవాను దగ్గర్లోని మిలిటరీ ఆస్పత్రికి వెళ్లాలన్నదే పద్ధతి. అర్ధరాత్రి అయినా హోసూర్ రోడ్‌లోని నిమ్హాన్స్ మానసిక వైద్యశాలలో ఎమర్జెన్సీ తెరిచే ఉంటుంది. ముందు ప్రాణం చూసుకోండి, యూనిట్‌కి ఫోన్ చేసి ఫలానా ఆస్పత్రిలో ఉన్నాడని చెబితే సెలవు సంగతి తర్వాత మాట్లాడుకోవచ్చు. ఇంట్లో ఉన్న మందులు, ఊళ్లో అయితే పురుగుమందులు, తాళం వేసి తాళం మీ దగ్గర పెట్టుకోండి. రిటైరయ్యి బ్యాంకులో గన్‌మ్యాన్‌గా చేస్తున్న మాజీ జవాను అయితే, తుపాకీ కోలుకునేదాకా వేరేచోట ఉండేలా చూడండి. పోలీసు కేసు అవుతుందని భయం వద్దు. 2017 మానసిక ఆరోగ్య చట్టంలోని 115వ సెక్షన్ ప్రకారం, ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, అందుకు శిక్షించకూడదు.

ఫోన్ మీద సాయం కావాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ ఉంది, నంబర్ 14416. 2022 అక్టోబర్ 10న మొదలైంది, నడిపించే పెద్ద కేంద్రం మన నిమ్హాన్సే. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. సైన్యంవాళ్ల కోసం పుణెలోని సైనిక వైద్య కళాశాల ఏఎఫ్‌ఎంసీలో 2023 డిసెంబర్‌లో ప్రత్యేకంగా ఒక విభాగం పెట్టారు. జవాను మాట్లాడనంటే మీరు చేయండి, ఎలా ఒప్పించాలో అడగండి. మీకే నిద్ర పట్టకపోతే మీ కోసం కూడా చేయండి.

జేసీవోలూ ఆఫీసర్లూ ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్క విన్నపం. సెలవు ఇవ్వలేకపోతే ఇవ్వలేమని, ఏ తారీఖుకి ఇస్తామో అతన్ని పిలిచి చెప్పండి సాబ్. "చూద్దాం" అన్న మాటతో నెలలు గడపడం చాలా కష్టం. సెలవు నుంచి వచ్చినవాణ్ణి ఆ సాయంత్రమే పక్కన కూర్చోబెట్టుకుని ఇంట్లో సంగతులు అడగండి, ఏదైనా తేడాగా అనిపిస్తే ఇంటికి ఫోన్ చేయండి. మేం ఎత్తుతాం.