రెండు థీమ్ పార్కులు చూసొచ్చాక ఏది మేలో తేల్చుకోవడం ఎలా

సెలవుల్లో రెండు పోటీ పార్కులు చూసి ఇంటికి చేరాక "ఏది బాగుంది?" అని అడిగితే నలుగురున్న ఇంట్లో నాలుగు జవాబులు వస్తాయి. ఎవరూ అబద్ధం చెప్పరు, కాకపోతే జ్ఞాపకం రోజంతటినీ ఒకే తూకంతో తూచదు. మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్ బృందం 1993లో ఒక ప్రయోగం చేసింది. కొందరి చేత 14 డిగ్రీల చన్నీళ్లలో 60 సెకన్లు చెయ్యి పెట్టించారు. ఇంకోసారి అదే 60 సెకన్లకు మరో 30 సెకన్లు కలిపి, ఆ చివరి భాగంలో నీళ్లను ఒక్క డిగ్రీ వెచ్చబరిచారు. మళ్లీ చేయాల్సివస్తే ఏది చేస్తారంటే ఎక్కువమంది రెండోదే కోరుకున్నారు. మొత్తం ఇబ్బంది పెరిగినా ముగింపు కాస్త నయంగా ఉంది కదా. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రపు ఓర్లాండోలో ఉన్న డిస్నీ పార్కు మ్యాజిక్ కింగ్‌డమ్‌లో రాత్రి కోట మీద బాణసంచా చూసి బయటికొచ్చినవారికి మధ్యాహ్నం ఎండలో నిలబడ్డ గంటన్నర పెద్దగా గుర్తుండదు. అందుకే ముందు గడియారం లెక్క తీయండి, అభిప్రాయాలు తర్వాత.

ఈ పని తిరిగొచ్చిన వారంలోపే మొదలుపెట్టాలి. ఫోన్‌లోని ఫొటోలే మీ డైరీ. ప్రతి ఫొటో వివరాల్లో తీసిన సమయం ఉంటుంది. వాట్సాప్‌లో ఒకరికొకరు పంపుకున్న కాపీలు మాత్రం పనికిరావు, వాటిలో తీసిన సమయం మిగలదు. ఎవరు తీశారో వారి ఫోన్‌లోని అసలు ఫొటోనే చూడండి. విడిగా కెమెరా తీసుకెళ్లి ఉంటే దాని గడియారం అక్కడి సమయానికి మార్చారో లేదో సరిచూసుకోండి. ఫొటోల మధ్య ఖాళీలను పార్కింగ్ రసీదు, తిండి బిల్లులు, రైడ్ మీద పార్కువాళ్లు తీసిన ఫొటోలు చాలావరకు పూడుస్తాయి.

వీటితో ఒక్కో పార్కు రోజుని కారు ఆపిన క్షణం నుంచి మళ్లీ కారెక్కే దాకా నిమిషాల్లో రాయండి. క్యూ, రైడ్, షోలు, తిండి-విశ్రాంతి, గేటు దాకా రాకపోకలు, మిగిలిన నడక అని విడగొడితే చాలు. మచ్చుకు, 660 నిమిషాల రోజులో రాకపోకలూ భద్రతా తనిఖీ 70, క్యూలు 215, రైడ్లు 32, షోలు 75, తిండి-విశ్రాంతి 110 అయితే మిగిలిన 158 నడకా, వెతుకులాటా. రైడ్ మీద గడిపింది అరగంటేనా అని బెంగపడకండి, థీమ్ పార్కు రోజు ఇలాగే ఉంటుంది. తేడా బయటపడేది క్యూ, నడక, రాకపోకల దగ్గరే. మ్యాజిక్ కింగ్‌డమ్‌కి కారులో వెళితే పార్కింగ్ తర్వాత మోనోరైలో ఫెర్రీయో ఎక్కి సరస్సు అవతలికి చేరాలి. అదే ఊళ్లో డిస్నీకి పోటీగా ఉన్న యూనివర్సల్ పాత పార్కులు రెండింటికీ పార్కింగ్ భవనం నుంచి సిటీవాక్ అనే దుకాణాల వీధి మీదుగా నడిచి వెళ్లొచ్చు. 2025 మే 22న తెరిచిన ఎపిక్ యూనివర్స్ వాటి పక్కన లేదు, దానికి వేరే ప్రయాణం. ఈ నిమిషాలు ప్రతిసారీ ఖర్చయ్యేవే కాబట్టి పార్కు ఖాతాలోనే వేయండి.

అన్నిటికన్నా పొరపాటు ఎక్కువగా జరిగేది క్యూల లెక్కలో. "అక్కడ జనం తక్కువ" అనుకున్నది చాలాసార్లు "అక్కడ బండ్లు చకచకా కదిలాయి" అని తేలుతుంది. 24 సీట్ల రోలర్ కోస్టర్ రైలు నిమిషానికొకటి బయల్దేరితే గంటకు 1,440 మంది ఎక్కుతారు. మీ ముందు 720 మంది ఉంటే 30 నిమిషాల్లో మీ వంతు. అదే రైలు 90 సెకన్లకొకటి కదిలితే గంటకు 960 మందే, మీ నిరీక్షణ 45 నిమిషాలు. ఒక రైలు తగ్గించి నడిపినా, బెల్టుల తనిఖీ నెమ్మదిగా సాగినా, సంచులు ఎక్కడ పెట్టాలో తెలియక జనం తచ్చాడినా ఈ ఆలస్యం వస్తుంది. ఇక రైలు నిమిషానికొకటి చొప్పునే కదులుతున్నా, డబ్బు కట్టి ముందుకెళ్లే వరుసకు 60 శాతం సీట్లు ఇచ్చేస్తున్నారనుకోండి. మామూలు వరుసకు గంటకు 576 సీట్లే మిగులుతాయి, అదే 720 మందికి 75 నిమిషాలు పడుతుంది. రైలు వేగం ఎక్కడా తగ్గలేదు, అయినా నిరీక్షణ రెండున్నర రెట్లయింది.

అందువల్ల ఒక పార్కులో ఆ ముందు వరుసకు పాస్ కొని, మరోచోట కొనకుండా తిరిగితే ఆ రెండు క్యూ నిమిషాలను పక్కపక్కన పెట్టడం అన్యాయం. పాస్‌తో ఎక్కిన రైడ్లకు గుర్తు పెట్టి, మామూలు వరుసలో ఎక్కిన వాటినే ఒకదానితో ఒకటి పోల్చండి. పాస్ ధర టికెట్‌లో కలపండి. గదితోపాటు వచ్చే పాస్‌ను చాలామంది ఉచితం అనుకుంటారు. యూనివర్సల్‌లో పోర్టోఫినో బే, హార్డ్ రాక్, రాయల్ పసిఫిక్ హోటళ్లలో దిగితే పాత పార్కులు రెండింటికీ ఎక్స్‌ప్రెస్ పాస్ గది అద్దెలోనే వస్తుంది. అదే స్థాయిలో ఉండి పాస్ ఇవ్వని హోటల్‌కు అదే రాత్రి అద్దె ఎంతో చూసి, ఆ తేడాను పార్కు ఖర్చుగా రాయండి. యూనివర్సల్ పాత పార్కులు రెండింటి మధ్య తిరిగే రైలు, రెండు పార్కుల టికెట్ ఉంటేనే ఎక్కనిచ్చే హాగ్వార్ట్స్ ఎక్స్‌ప్రెస్‌లాంటివీ అంతే. దాన్ని ఎక్కి ఉంటే టికెట్ అదనపు ధర కూడా లెక్కలోకి రావాలి.

తర్వాత ఎవరు ఎన్ని ఎక్కారన్నది. మొదటి పార్కులో 8 రైడ్లు, రెండోదానిలో 6 అనగానే మొదటిది గెలిచినట్టు కాదు. మొదటిదానిలో ముగ్గురు ఎనిమిదేసి ఎక్కి, చిన్నది మూడే ఎక్కిందనుకోండి, రెండోదానిలో నలుగురూ ఆరేసి ఎక్కారనుకోండి. మొత్తం 27, 24. సగటు చూస్తే మొదటిదే మేలు. కానీ కుటుంబంతో వెళ్లినప్పుడు చూడాల్సింది అందరికన్నా తక్కువ ఎక్కినవారి అంకె. ఇక్కడ 3కి ఎదురుగా 6 ఉంది, తేడా అదీ.

దీనికి మూలం ఎత్తు నిబంధన. డిస్నీ స్పేస్ మౌంటెన్‌కు 112 సెంటీమీటర్లు చాలు. యూనివర్సల్ వెలాసికోస్టర్‌కు 130, హల్క్ కోస్టర్‌కు 137 కావాలి. 115 సెంటీమీటర్ల పిల్లకు మొదటిది అందుతుంది, మిగతా రెండూ అందవు. బడి వయసు పిల్లలు ఏడాదికి సుమారు 5, 6 సెంటీమీటర్లు పెరుగుతారు కాబట్టి ఈ తీర్పు మూడు నాలుగేళ్లలో తిరగబడొచ్చు. పోలిక కాగితం మీద తేదీ పక్కనే పిల్లల ఎత్తు రాసి తీరాలి.

పిల్లను ఎక్కనివ్వని రైడ్‌కు తల్లిదండ్రులు వంతులవారీగా వెళ్లే సదుపాయం రెండుచోట్లా ఉంది, నడిచే తీరు మాత్రం వేరు. యూనివర్సల్‌లో ఇంటిల్లిపాదీ క్యూ మొత్తం కలిసి దాటి, చివర ఒక గదిలో పిల్లతో ఒకరు ఆగుతారు. డిస్నీలో ఒకరు పిల్లతో బయటే ఉండి, తర్వాత వేగపు వరుసలో వెళతారు. అంటే మొదటి పద్ధతిలో పిల్ల కూడా క్యూలో అలసిపోతుంది. ఆ నిమిషాలు పిల్ల పేరున విడిగా వేయండి.

వాన, ఎండ, ఏ పార్కు ముందు ఏది తర్వాత చూశారన్నది, ఇవేవీ పార్కు తప్పులు కావు. ఫ్లోరిడా వేసవి మధ్యాహ్నాల్లో ఉరుములొస్తే బయటి కోస్టర్లు ఆపేస్తారు. ఆ గంటలను తీసేసి లెక్కకట్టండి. అయితే ఆ సమయంలో లోపల చూడ్డానికి ఎన్ని ఉన్నాయి, క్యూల మీద కప్పు ఉందా అన్నది మాత్రం పార్కు బాధ్యతే. మొదటిరోజు హుషారు, చివరిరోజు కాళ్లనొప్పులు కూడా మార్కులు మార్చేస్తాయి. వాటికి సూత్రం లేదు, పక్కన ఒక మాట రాసుకోవడమే.

ఇప్పుడు అభిప్రాయాలు అడగండి, చిన్నవాళ్లతో మొదలుపెట్టి, ఒక్కొక్కరినీ విడిగా. పెద్దలు ముందు నోరు విప్పితే పిల్లలు అదే పాట పాడతారు. "నచ్చిందా?" అని అడిగితే లాభం లేదు. ప్రతి రైడ్‌కీ, "రేపు మళ్లీ అంతే సేపు నిలబడి ఎక్కుతావా?" అని అడగండి. 80 నిమిషాలు నిలబడిన రైడ్‌కు "అవును" వస్తే దాని విలువ నిజంగా పెద్దది. పది నిమిషాల రైడ్‌కు "వద్దు" వస్తే దాన్ని కొట్టేయొచ్చు. మార్కులు కూడి ఒక విజేతను ప్రకటించకుండా, ఎవరి "అవును"లు ఏ పార్కులో ఎక్కువో పేర్లతో రాయండి.

కాగితాన్ని దాచేటప్పుడు క్యూ నిమిషాలను పెన్సిల్‌తోనూ, నడక, పార్కింగ్ నిమిషాలను పెన్నుతోనూ రాయండి. మొదటివి సీజన్‌ను బట్టి మారిపోతాయి, రెండోవి ఏళ్లు గడిచినా దాదాపు అలాగే ఉంటాయి.